రికవరీ ఉంది, దారే లేదు



విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దానికి ముందూ వెనకా మన ఇళ్లలో, ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో ఒకటే హడావుడి: విండోస్ 11కి మారాలి. మారబోతే చాలా కంప్యూటర్లు మొండికేశాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు కావాలి, సెక్యూర్ బూట్ చేయగల సత్తా కావాలి, యంత్రాన్ని లేపే యూఈఎఫ్ఐ పద్ధతి కావాలి. యూఈఎఫ్ఐ పద్ధతిలో విండోస్ లేవాలంటే డిస్కు జీపీటీ శైలిలో ఉండాలి. చూస్తే మన డిస్కు ఎంబీఆర్ శైలిలో ఉంది. సరే, మార్చారు. షాపతను మార్చాడో, ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు మార్చారో, మొత్తానికి మారింది. కంప్యూటర్ మామూలుగానే లేచింది. ఫోటోలు, లెక్కల ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నారు.

కొన్నాళ్లకు ఏదో అప్‌డేట్ తిరగబడి విండోస్ మొరాయిస్తుంది. రీసెట్ చేద్దామని వెళ్తే, రికవరీ ఎన్విరాన్‌మెంట్ దొరకలేదని తెర మీద ఒక ముక్క వచ్చి ఆగిపోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే మాత్రం రికవరీ పార్టిషన్ అక్కడే, పేరుతో సహా కనిపిస్తుంది. కళ్లముందు ఉంటుంది, అక్కరకు రాదు. అలా ఎందుకవుతుంది, అవ్వకుండా ఏం చెయ్యాలి అన్నది ఇవాళ్టి మాట. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మూడు నాలుగు కమాండ్లు అక్షరం అక్షరం చెబుతాను.

రికవరీ పార్టిషన్ అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు రకాలు. మొదటిది చిన్నది. ఐదు వందల మెగాబైట్ల దగ్గర మొదలై ఒక గిగాబైటు దాకా ఉంటుంది. దీన్ని విండోస్ తనకోసం తానే చేసుకుంటుంది. ఇందులో విన్‌ఆర్‌ఈ డాట్ విమ్ అనే ఒక ఫైలు ఉంటుంది. అదొక బుల్లి విండోస్. పెద్ద విండోస్ వరుసగా రెండుసార్లు లేవలేకపోతే ఈ బుల్లిది లేచి నీలం తెర చూపిస్తుంది. స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, తాజా అప్‌డేట్ తీసెయ్యడం, కమాండ్ ప్రాంప్ట్, రీసెట్, ఇవన్నీ ఆ తెర మీదే ఉంటాయి.

రెండోది పెద్దది. పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై గిగాబైట్లు. దీన్ని ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టి పంపుతుంది. కొన్నరోజు యంత్రం ఎలా ఉందో అలా తిరిగి తెచ్చే సరంజామా అంతా అందులో ఉంటుంది. స్విచ్ వెయ్యగానే ఒక కీ నొక్కితే ఇది మొదలవుతుంది. చాలా హెచ్‌పీ మోడళ్లలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో కలిపి ఎఫ్10, ఏసుస్‌లో ఎఫ్9. డిస్కు శైలి మారినప్పుడు ఈ రెండు రికవరీలూ ఒకేలా దెబ్బతినవు, ఒకే మందుతో బాగవవు. కాబట్టి మీ డిస్కులో ఉన్నది ఏ రకమో ముందే తెలుసుకోవాలి. సైజు చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఇక ఈ ఎంబీఆర్, జీపీటీ ఏమిటి? 1983 మార్చిలో ఐబీఎం, పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటర్ విడుదల చేసింది. అందులో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. దానితోపాటు వచ్చిన డాస్ 2.0లోనే ఎంబీఆర్, అంటే మాస్టర్ బూట్ రికార్డ్, పుట్టింది. డిస్కులో మొట్టమొదటి సెక్టార్ దీని చోటు. మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు యంత్రాన్ని లేపే చిన్న ప్రోగ్రాముకు, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, చివరి రెండు బైట్లు ముద్రకు. ఒక్కో పార్టిషన్ వివరం 16 బైట్లు. అంటే 64 బైట్లలో నాలుగే పడతాయి. ఎంబీఆర్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి ఉండవని మనం వినే నియమం ఈ లెక్కలోంచి వచ్చిందే. సెక్టార్ల సంఖ్య రాయడానికి 32 బిట్లు ఇచ్చారు కాబట్టి, 512 బైట్ల సెక్టార్ల లెక్కన డిస్కులో మొదటి రెండు టెరాబైట్ల పైచిలుకు దాకానే ఈ పట్టికకు అందుతుంది. పది మెగాబైట్ల రోజుల్లో అది రెండు లక్షల రెట్ల కంటే పెద్ద హద్దు. అప్పట్లో ఎవరికీ అది ఇరుకనిపించలేదు.

ఆ తర్వాత ఇంటెల్ తయారు చేసిన ఈఎఫ్ఐ పద్ధతిలో భాగంగా జీపీటీ వచ్చింది. దాన్నే పెంచి ఇప్పుడు యూఈఎఫ్ఐ అంటున్నాం. జీపీటీలో ప్రతి పార్టిషన్‌కూ ప్రపంచంలో మరో దానికి లేనంత పొడవైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. విండోస్‌లో ఒక డిస్కుకు 128 పార్టిషన్ల దాకా పెట్టుకోవచ్చు. పట్టిక డిస్కు మొదట్లో ఒకటి, చివర్లో దాని నకలు ఇంకొకటి. మధ్యలో ఏదైనా బైటు పాడైతే పట్టేసే తనిఖీ మొత్తం కూడా అందులోనే ఉంటుంది. మార్చుకోవడం మంచిదే. దాని మీద నాకు అనుమానం లేదు. మార్చేటప్పుడు ఏం తెగుతుందో తెలుసుకుని మార్చాలన్నదే నా మాట.

ఊరి భూమి రికార్డు తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఆంధ్రలో అడంగల్ అనండి, తెలంగాణలో పహాణీ అనండి, ఆ పుస్తకంలో ఉండేది భూమి కాదు, భూమి గురించిన రాత. ఏ సర్వే నంబరు ఎక్కడుంది, విస్తీర్ణం ఎంత, రకం ఏమిటి అని. పాత పుస్తకంలోంచి కొత్త పుస్తకంలోకి ఎక్కించినంత మాత్రాన పొలం అంగుళం కూడా కదలదు. కానీ పాత నంబరు రాసి ఉన్న బ్యాంకు కాగితం, మోటారు కనెక్షన్ కాగితం వాటంతట అవి మారవు. వాటిని ఎవరో ఒకరు వెళ్లి సరిచేయించాలి. లేకపోతే పొలం ఉండీ పని జరగదు.

కంప్యూటర్‌లో ఆ పాత నంబరు రాసి ఉన్న కాగితాలు రెండు. ఒకటి, బూట్ మేనేజర్ చదివే బీసీడీ అనే జాబితా. ఎంబీఆర్ డిస్కులో పార్టిషన్‌ను అది ఇలా గుర్తుపడుతుంది: డిస్కు సంతకం అనే నాలుగు బైట్ల సంఖ్య, ఆ డిస్కులో పార్టిషన్ మొదలయ్యే చోటు. జీపీటీలో ఈ గుర్తింపు పనికిరాదు. అక్కడ డిస్కుకు ఒక పొడవైన సంఖ్య, పార్టిషన్‌కు ఒక పొడవైన సంఖ్య ఉంటాయి. రెండోది రీఏజెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే చిన్న ఫైలు. విండోస్ ఫోల్డర్‌లో, సిస్టమ్32లో, రికవరీ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. బుల్లి విండోస్ ఏ డిస్కులో, ఏ చోట, ఏ ఫోల్డర్‌లో ఉందో ఇందులోనే రాసి ఉంటుంది. డిస్కు శైలి మారితే ఈ రెండు చోట్లా కొత్త గుర్తింపు పడాలి. పెద్ద విండోస్‌కు సంబంధించినంత వరకు మార్పిడి ప్రోగ్రాము ఆ పని తప్పకుండా చేస్తుంది, చెయ్యకపోతే యంత్రమే లేవదు కనుక. రికవరీ దగ్గరికి వచ్చేసరికి ఒక్కోసారి అది సగంలో ఆగుతుంది. రోజూ వాడేది కాదు కాబట్టి ఆగిన సంగతి మనకు తెలియదు.

మార్చే దారులు చూద్దాం. అన్నిటికంటే నమ్మకమైనది మైక్రోసాఫ్ట్ సొంత ప్రోగ్రాము, ఎంబీఆర్2జీపీటీ. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్, అంటే 1703 వెర్షన్, నుంచి ఇది విండోస్‌లోనే ఉంది. డేటాను ముట్టుకోకుండా పట్టిక మారుస్తుంది. యూఈఎఫ్ఐకి కావలసిన ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగం లేకపోతే, సి డ్రైవ్‌ను కాస్త కుదించి ఆ చోటులో దాన్ని చేస్తుంది. ఆ తర్వాత బూట్ ఫైళ్లు పెడుతుంది, జీపీటీ పట్టిక రాస్తుంది, డ్రైవ్ అక్షరాలు సరిచేస్తుంది. రికవరీ పార్టిషన్ విషయంలో కూడా దీనికి ఒక నియమం ఉంది. ఎంబీఆర్‌లో ప్రతి పార్టిషన్‌కూ రకం చెప్పే ఒక బైటు ఉంటుంది. రికవరీ రకానికి ఆ గుర్తు 27. అది కనిపిస్తే, జీపీటీలో రికవరీ రకానికి ఉండే పొడవైన గుర్తును పెట్టి, దానికి డ్రైవ్ అక్షరం ఇవ్వొద్దని, అది యంత్రానికి అవసరమైన భాగమని రెండు లక్షణాలు తగిలిస్తుంది. విండోస్‌కు తెలిసిన మిగతా రకాలన్నిటినీ మామూలు డేటా పార్టిషన్లుగా రాసేస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పాత పద్ధతిలో విండోస్ వేసిన చాలా యంత్రాల్లో బుల్లి విండోస్‌కు విడిగా 27 గుర్తున్న పార్టిషన్ ఉండదు. సిస్టమ్ రిజర్వ్డ్ అనే భాగంలోనే బూట్ ఫైళ్లతోపాటు అదీ ఉంటుంది. దాని రకం మామూలు రకమే. జీపీటీకి మారాక ఆ సిస్టమ్ రిజర్వ్డ్ మామూలు డేటా భాగమై మిగిలిపోతుంది, బూట్ పని కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్ తీసుకుంటుంది. అప్పుడు మార్పిడి చివర్లో ఒక సందేశం రావచ్చు: రీఏజెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌ను మార్చలేకపోయాను, విన్‌ఆర్‌ఈని మీరే ఆపి మళ్లీ మొదలుపెట్టండి అని. మార్పిడి జరిగిపోయింది కదా అన్న సంబరంలో ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు. చదివితే సగం కష్టం అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, మౌస్ కుడి బటన్ నొక్కి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. నల్ల తెర వస్తుంది. అందులో ఆర్, ఈ, ఏ, జీ, ఈ, ఎన్, టీ, సీ అని కలిపి కొట్టండి. రీఏజెంట్‌సీ. తర్వాత ఒక ఖాళీ. తర్వాత స్లాష్, ప్రశ్న గుర్తు ఉన్న కీ మీదే ఉంటుంది అది. వెంటనే ఐ, ఎన్, ఎఫ్, ఓ. ఇన్ఫో. ఎంటర్ కొట్టండి. వచ్చిన జవాబులో మొదటి వరుసలో ఎనేబుల్డ్ అని ఉండి, దాని కింద బుల్లి విండోస్ ఉన్న చోటు రాసి ఉంటే మీ రికవరీ బతికే ఉంది. డిజేబుల్డ్ అని ఉండి, చోటు రాయాల్సిన వరుస ఖాళీగా ఉంటే దారి తెగినట్టు.

తెగితే అతికించడం ఇలా. అదే నల్ల తెరలో రీఏజెంట్‌సీ, ఖాళీ, స్లాష్, డిజేబుల్. అది అయ్యాక రీఏజెంట్‌సీ, ఖాళీ, స్లాష్, ఎనేబుల్. ఆపినప్పుడు విన్‌ఆర్‌ఈ ఫైలు సి డ్రైవ్‌లో సిస్టమ్32 కింద ఉన్న రికవరీ ఫోల్డర్‌లోకి వస్తుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు తగిన పార్టిషన్ చూసుకుని అక్కడికి వెళ్లి, కొత్త గుర్తింపును రెండు చోట్లా రాసుకుంటుంది. తగిన పార్టిషన్ దొరక్కపోతే సి డ్రైవ్‌లోనే ఉండిపోతుంది. అలా ఉన్నా చాలావరకు పని జరుగుతుంది. సి డ్రైవ్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం అక్కడ కుదరదు, విండోస్ ఒప్పుకోదు. అప్పుడు విడి పార్టిషన్ చెయ్యక తప్పదు.

ఎనేబుల్ కొట్టినప్పుడు విండోస్ ఆర్‌ఈ ఇమేజ్ దొరకలేదని వస్తే, ఫైలే పోయిందని అర్థం. కంగారు పడక్కర్లేదు. మీ విండోస్ వెర్షన్‌కు సరిపోయే ఇన్‌స్టాలేషన్ ఐఎస్ఓలో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే పెద్ద ఫైలు ఉంటుంది. దాని లోపల, విండోస్ ఫోల్డర్‌లో, సిస్టమ్32లో, రికవరీలో కొత్త విన్‌ఆర్‌ఈ డాట్ విమ్ ఉంటుంది. దాన్ని తెచ్చి మన సిస్టమ్32 రికవరీ ఫోల్డర్‌లో పెట్టి మళ్లీ ఎనేబుల్ చెయ్యాలి. ఈ పని అలవాటు లేనివాళ్లు తెలిసినవాళ్లతో చేయించుకోవడం మేలు.

ఆఖరి పరీక్ష కమాండ్లతో కాదు, కళ్లతో. స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ నొక్కేటప్పుడు షిఫ్ట్ కీ పట్టుకోండి. నీలం తెర వచ్చి, ట్రబుల్‌షూట్ అనే మాట కనిపించి, దాని లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరుచుకుంటే సరే. కంటిన్యూ నొక్కి బయటికి వచ్చెయ్యండి.

మార్చడానికి ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మన దగ్గర కంప్యూటర్ కొంటే డిస్కును సి, డి, ఈ, ఎఫ్ అని ముక్కలు చేయించుకోవడం పాత అలవాటు. సినిమాలకు ఒకటి, పాటలకు ఒకటి, పెళ్లి ఫోటోలకు ఒకటి. ఎంబీఆర్‌లో నాలుగే గళ్లు కాబట్టి, ఆ డి, ఈ, ఎఫ్‌లను ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అనే ఒక గడిలో లాజికల్ పార్టిషన్లుగా కుక్కుతారు. ఎంబీఆర్2జీపీటీ ఈ రకం డిస్కును ముట్టుకోదు. ఎక్స్‌టెండెడ్ ఉంటే కుదరదంటుంది. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించి ఉన్నా కుదరదంటుంది. అంటే కంపెనీ పెట్టిన పార్టిషన్లతో నాలుగు గళ్లూ నిండిన పాత ల్యాప్‌టాప్ కూడా ఇక్కడ ఆగిపోతుంది. విండోస్‌కు తెలియని రకం గుర్తు ఏ భాగానికైనా ఉంటే, దాన్ని ఏ రకంగా రాయాలో మనమే చెప్పాలి.

అందుకే ముందు తనిఖీ. ఎం, బీ, ఆర్, అంకె 2, జీ, పీ, టీ. ఖాళీ, స్లాష్, వాలిడేట్. ఖాళీ, స్లాష్, డిస్క్, రెండు చుక్కలు, సున్నా. ఖాళీ, స్లాష్, అలౌ ఫుల్ ఓఎస్, మూడు మాటలూ కలిపి. ఇది ఏదీ మార్చదు, కుదురుతుందో లేదో చెబుతుంది. సున్నా అన్నది డిస్కు నంబరు. రెండు డిస్కులున్న యంత్రంలో విండోస్ ఉన్నది ఏదో డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూసి రాయండి.

తనిఖీ కుదరదన్న చోటే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఎందుకంటే ఆ తర్వాత చాలామంది పట్టే దారి మొత్తం తుడిచెయ్యడం. విండోస్ 11 పెన్‌డ్రైవ్‌తో మొదలుపెడతారు. ఈ డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఇక్కడ విండోస్ వెయ్యడం కుదరదని సెటప్ అంటుంది. వెంటనే ఉన్న పార్టిషన్లన్నీ ఒకటొకటిగా డిలీట్ చేసేస్తారు, లేదా డిస్క్‌పార్ట్ అనే కమాండ్ ప్రోగ్రాములో క్లీన్ అనే ఒక్క మాట కొడతారు. ఇందాకటి దారిలో పట్టిక ఒక్కటే మారింది. ఈ దారిలో సి పోతుంది, డి పోతుంది, రెండు రికవరీలూ పోతాయి. ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేశాం అని షాపులో చెప్పే మాటలో ఇదంతా ఉంది. తాజా విండోస్ తనకు కావలసిన చిన్న రికవరీ పార్టిషన్‌ను తానే చేసుకుంటుంది కాబట్టి ఆ నష్టం పూడుతుంది. కంపెనీ పెట్టిన పెద్దది మాత్రం తిరిగి రాదు.

ఆ పెద్దదాని సంగతి విడిగా చెప్పాలి. డేటా పోకుండా జాగ్రత్తగా శైలి మార్చినా అది పని చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో రికవరీ కీని పట్టుకునే ప్రోగ్రాము, ఇందాక చెప్పిన 446 బైట్ల చోటులోనే కూర్చుని ఉంటుంది. యూఈఎఫ్ఐ పద్ధతిలో యంత్రం ఆ చోటును చదవనే చదవదు. ఇక ఆల్ట్, ఎఫ్10 ఎన్నిసార్లు నొక్కితే ఏం లాభం? ఒకవేళ ఎలాగోలా మొదలైనా, కంపెనీ ప్రోగ్రాము తాను పెట్టిన వరుసలోనే, తాను పెట్టిన గుర్తులతోనే పార్టిషన్లు ఉండాలనుకుంటుంది. లేకపోతే ఆగిపోతుంది. కొన్నయితే డిస్కును మళ్లీ పాత ఎంబీఆర్ శైలిలోకి తెచ్చి పరిచే రకం.

మరి పోతే ఎంత నష్టం? నా ఉద్దేశంలో పెద్దగా లేదు. ఎంబీఆర్ శైలిలో ఫ్యాక్టరీ రికవరీతో వచ్చిన యంత్రాలు చాలావరకు విండోస్ 7 కాలానివి. 2012లో విండోస్ 8తో వచ్చిన కొత్త కంప్యూటర్లు యూఈఎఫ్ఐ, జీపీటీతోనే వచ్చాయి. అంటే ఆ పెద్ద పార్టిషన్‌లో మీరు కాపాడుకుంటున్నది ఎప్పుడో మద్దతు ఆగిపోయిన విండోస్‌ను, దాంతోపాటు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్‌ను. విండోస్ 10, 11లలో రీసెట్‌కు కంపెనీ పార్టిషన్ అవసరం లేదు. డిస్కులో ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనో, 2004 వెర్షన్ నుంచి వచ్చిన క్లౌడ్ డౌన్‌లోడ్‌తోనో అది పని కానిస్తుంది. పోతే ఆ మోడల్ డ్రైవర్లు కంపెనీ వెబ్‌సైట్ నుంచి ముందే దించి పెట్టుకోండి. అంతకు మించి ఆ పదిహేను గిగాబైట్ల కోసం బెంగ పడక్కర్లేదు. బుల్లి విండోస్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

అలాగని రికవరీ పార్టిషన్ డిలీట్ చేస్తే సి డ్రైవ్ పెరుగుతుంది కదా అని తొందరపడేవాళ్లకు ఒక మాట. సి డ్రైవ్ పక్కనే రికవరీ ఉంటే, విండోస్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అన్నది వెలగదు. అప్పుడు డిస్క్‌పార్ట్‌లో ఓవర్‌రైడ్ అని బలవంతంగా తీసేస్తారు. తీసే ముందు రీఏజెంట్‌సీ డిజేబుల్ కొడితే ఫైలు సి డ్రైవ్‌లోకి వచ్చి భద్రంగా ఉంటుంది. కొట్టకుండా తీస్తే పార్టిషన్‌తోపాటు ఫైలూ పోతుంది. తేడా అంతా ఒక్క వరుసలో ఉంది.

పార్టిషన్ పరిమాణం కూడా ముఖ్యమేనని 2024 జనవరిలో చాలామందికి తెలిసొచ్చింది. ఆ నెల 9న మైక్రోసాఫ్ట్ బుల్లి విండోస్‌కు ఒక భద్రతా అప్‌డేట్ ఇచ్చింది. యంత్రం చేతికి చిక్కినవాడు రికవరీ ద్వారా బిట్‌లాకర్‌ను దాటెయ్యగల లోపాన్ని సరిచెయ్యడం కోసం. రికవరీ పార్టిషన్‌లో 250 మెగాబైట్ల ఖాళీ లేని విండోస్ 10 యంత్రాల్లో అది ఎక్కలేదు. సున్నా, ఎక్స్, 80070643 అనే తప్పు సంఖ్య చూపించి ఆగిపోయింది. సి డ్రైవ్‌ను 250 మెగాబైట్లు కుదించి, రికవరీ పార్టిషన్ తీసేసి, పెద్దది చేసి మళ్లీ పెట్టుకోమని మైక్రోసాఫ్ట్ వరసగా కమాండ్లు ఇచ్చింది. ఆ వరసలో ఒక చోట దారి రెండుగా చీలుతుంది. ఎంబీఆర్ డిస్కయితే కొత్త పార్టిషన్‌కు 27 అనే గుర్తు, జీపీటీ డిస్కయితే 32 అంకెలూ అక్షరాలూ ఉన్న పొడవైన గుర్తు, దానితోపాటు లక్షణాలు. అంత పొడవైన సంఖ్య రేడియోలో చదివితే రాసుకోవడం కష్టం. మైక్రోసాఫ్ట్ సూచనల పేజీ నుంచి కాపీ చేసుకోండి. మీ డిస్కు ఏ శైలో తెలుసుకోవడం మాత్రం సులువు. డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ అని కొడితే, జీపీటీ అనే నిలువు వరుసలో మీ డిస్కు ఎదురుగా నక్షత్రం గుర్తు ఉంటే జీపీటీ, ఖాళీగా ఉంటే ఎంబీఆర్.

బిట్‌లాకర్ పేరు వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. డిస్కుకు బిట్‌లాకర్ ఉంటే శైలి మార్చేముందు దాన్ని సస్పెండ్ చెయ్యాలి. 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి, అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే పనికిరాదు. యంత్రం మొదలయ్యే తీరు మారినప్పుడు బిట్‌లాకర్ అడిగేది ఆ కీనే.

ఇంకొకటి. శైలి మార్చగానే పని అయిపోదు. స్విచ్ వెయ్యగానే ఎఫ్2నో డిలీట్‌నో నొక్కితే వచ్చే బయోస్ తెరలో, లెగసీ లేదా సీఎస్ఎం అని ఉన్నదాన్ని తీసి యూఈఎఫ్ఐ చెయ్యాలి. చెయ్యకపోతే విండోస్ లేవదు. ఆ తెరలో యూఈఎఫ్ఐ అన్న ఎంపికే లేని పాత యంత్రమైతే బూట్ డిస్కు శైలిని మార్చనే మార్చొద్దు. ఇది మార్పిడికి ముందే చూసుకోవలసిన సంగతి.

ఇంతసేపూ పార్టిషన్ గురించి మాట్లాడాను. ఇప్పుడు దాని హద్దు కూడా చెప్పాలి. రికవరీ పార్టిషన్, అది ఎంత బాగా పని చేసినా, మీ ఫైళ్లకు బ్యాకప్ కాదు. పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు అందులో ఉండవు. దుకాణం జీఎస్‌టీ లెక్కలు అందులో ఉండవు. పైగా అది ఉన్నది ఏ డిస్కును కాపాడాలో ఆ డిస్కు మీదే. డిస్కు చచ్చిపోతే రెండూ కలిసే పోతాయి. అందుకే శైలి మార్చేముందు రెండు పనులు చేసి తీరాలి. మొదటిది, ఫైళ్లన్నిటినీ వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూసుకోవడం. రెండోది, ఒక పెన్‌డ్రైవ్. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ వేసే పెన్‌డ్రైవ్ చెయ్యడానికి 8 గిగాబైట్లు చాలు. సిస్టమ్ ఫైళ్లతో సహా రికవరీ డ్రైవ్ చెయ్యాలంటే 16 గిగాబైట్లు పెట్టుకోండి. ఈ పెన్‌డ్రైవ్‌తో కూడా రిపేర్ తెర వస్తుంది. డిస్కు లోపలి రికవరీకి దారి తెగినా, పార్టిషనే పోయినా, బయట ఉన్న ఈ పెన్‌డ్రైవ్‌కు ఏమీ కాదు. కొన్ని వందల రూపాయల పని.

ఈ పని మీరు సొంతంగా చెయ్యకపోవచ్చు. చాలామంది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, తమ ఊరి బస్టాండు దగ్గరి షాపుకో తీసుకెళ్తారు. తప్పేమీ లేదు. అప్పగించేటప్పుడు నాలుగు మాటలు అడగండి. పట్టిక మాత్రమే మారుస్తారా, మొత్తం తుడిచి వేస్తారా? డి డ్రైవ్ ఉంటుందా పోతుందా? బిట్‌లాకర్ ఉందో లేదో చూశారా? అయిపోయాక రికవరీ చూపిస్తారా? ఈ నాలుగో ప్రశ్నను మనవాళ్లు అడగరు. కంప్యూటర్ లేచిందా, నెట్ వచ్చిందా, ప్రింటర్ పని చేస్తోందా అని చూసుకుని డబ్బులిచ్చి వచ్చేస్తారు. ఈసారి షాపులోనే, కౌంటర్ దగ్గరే, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టమనండి. నీలం తెర వచ్చి ట్రబుల్‌షూట్ కనిపించాకే డబ్బులివ్వండి. రాకపోతే రీఏజెంట్‌సీ డిజేబుల్, రీఏజెంట్‌సీ ఎనేబుల్ అని మీరే చెప్పండి. రెండు నిమిషాల పని, చేసే మనిషి మీ ఎదురుగానే ఉంటాడు.